15 నెలలు, 15 రోజులు, 15 గంటలు

చెన్నై నుంచి వారణాసికి ఎంత దూరం అని ఫోన్‌లో అడిగితే ఒక జవాబు రాదు, రెండు వస్తాయి. ఆకాశంలో తిన్నగా గీత గీస్తే దాదాపు 1,390 కిలోమీటర్లు. రోడ్డు మీద అయితే 1,800 కిలోమీటర్ల పైనే. డైరెక్ట్ ఫ్లైట్ దొరికితే రెండున్నర గంటలు, కాస్త అటూ ఇటూ. కారులో ఎక్కడా పడుకోకుండా వెళ్తే ఒకటిన్నర రోజు. ఇదే ప్రశ్నకి మూడో జవాబు కూడా ఒకటుంది. వెళ్లి రావడానికి 15 నెలల 15 రోజుల 15 గంటలు. ఆ లెక్క చెప్పినాయన 1836లో చనిపోయారు.

ఆయన ఏనుగుల వీరాస్వామయ్య. తెలుగు సాహిత్యం చదివినవాళ్లకి ‘కాశీయాత్ర చరిత్ర’ రాసినాయనగా ఈ పేరు తెలిసే ఉంటుంది. ఇంటర్‌లో సంస్కృతం తీసుకుని మార్కులతో బయటపడిన మనలాంటి వాళ్ల కోసమే ఈ వ్యాసం.

వీరాస్వామయ్య గారు 1780 ప్రాంతంలో చెన్నపట్నంలో పుట్టారు. తొమ్మిదేళ్ల వయసులో తండ్రి పోయారు. ఇల్లు నడవాలంటే చదువు కావాలి, అది కూడా జీతం తెచ్చే చదువు కావాలి. అప్పట్లో చెన్నపట్నంలో జీతం తెచ్చే చదువంటే ఇంగ్లీషే. పిల్లవాడు ఇంకా చిన్నగా ఉండగానే ఇంగ్లీషు బాగా చదవడం, మాట్లాడడం నేర్చేసుకున్నాడు. మీసాలు రాకముందే కంపెనీ కొలువులో చేరాడు, తిరునల్వేలి దాకా వెళ్లి పనిచేశాడు. తర్వాత చెన్నపట్నం తిరిగొచ్చి, మెట్టు మెట్టుగా ఎదిగి మద్రాసు సుప్రీం కోర్టులో ఇంటర్‌ప్రెటర్ అయ్యాడు.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఈ దేశంలో ఇంగ్లీషు చదువులు ఉండాలని మెకాలే తన నోట్ రాసింది 1835లో. వీరాస్వామయ్య గారు ఉద్యోగం నుంచి రిటైర్ అయింది కూడా 1835లోనే. అంటే ఇంగ్లీషు మీడియం అనే మాట పుట్టకముందే ఆయన ఇంగ్లీషుతో బతికి, రిటైర్ కూడా అయిపోయారు. కోర్టులో ఇంటర్‌ప్రెటర్ పనంటే సాక్షి తెలుగులోనో తమిళంలోనో చెప్పినదాన్ని జడ్జికి ఇంగ్లీషులో చెప్పడం, జడ్జి అన్నదాన్ని తిరిగి సాక్షికి చెప్పడం. ఒక మాట అటూ ఇటూ అయితే ఒకడి ఆస్తి పోవచ్చు, తల కూడా పోవచ్చు. అలాంటి పని ఏళ్ల తరబడి చేసిన మనిషికి రెండు అలవాట్లు వచ్చేశాయనిపిస్తుంది. విన్నది విన్నట్టు గుర్తుపెట్టుకోవడం, లెక్క కచ్చితంగా రాసుకోవడం. ఆ రెండూ లేకపోతే ఈ వ్యాసానికి సబ్జెక్టే లేదు.

1830 నాటికి ఆయనకి దాదాపు యాభై ఏళ్లు. పేరుంది, పరపతి ఉంది, తండయారువేడులో తోట ఇల్లుంది. అప్పుడు కాశీకి బయల్దేరారు.

కాశీకి పోయినవాడూ కాటికి పోయినవాడూ ఒకటే అని మన పెద్దవాళ్లు ఊరికే అనలేదు. చాలామంది నిజంగానే తిరిగి రాలేదు. కలరా, జ్వరాలు, వరదలు, దొంగలు, ఏదో ఒకటి. కాబట్టి ఇది సెలవు పెట్టి టూర్ వెళ్లడం లాంటిది కాదు. పైగా ఆయన ఒక్కరే వెళ్లలేదు. కుటుంబం, తోడు వచ్చినవాళ్లు, వంటవాళ్లు, నౌకర్లు, పల్లకీలు మోసే బోయీలు అందరూ కలిసి సుమారు 100 మంది. ఆ వందమందినీ ప్రాణాలతో వెనక్కి తీసుకురావాల్సిన బాధ్యత ఒక్క మనిషి మీద ఉంది.

1830 మే 18, మంగళవారం రాత్రి. తండయారువేడు నుంచి కదిలి మొదటి మజిలీ మాధవరంలో చేశారు. మీలో చెన్నై వెళ్లొచ్చేవాళ్లకి ఈ పేరు కొత్త కాదు, ఇప్పుడు ఆంధ్రా బస్సుల టెర్మినల్ ఉన్నది అక్కడే. తండయారుపేట నుంచి మాధవరానికి ఇవాళ ట్రాఫిక్ లేకపోతే అరగంట. ఆయనకి అది యాత్రలో ఒక అంకం.

ఆ కాలంలో దూరం ఎలా చెప్పేవాళ్లో చూడండి. పెద్ద దూరాలకి ఆమడ, అంటే సుమారు 8 నుంచి 10 మైళ్లు. ఉత్తరానికి పోయేకొద్దీ ఆమడ పోయి కోసు వస్తుంది, అది సుమారు రెండు మైళ్లు. కానీ ఒక్కో సీమలో కోసు ఒక్కో పొడవు. దగ్గరి దూరాలైతే ఘడియల్లోనే చెప్పేసేవాళ్లు. ఘడియ అంటే 24 నిమిషాలు. ఫలానా ఊరు రెండు ఘడియల దూరం అంటే చాలు, అందరికీ అర్థమైపోయేది. మనం కూడా అదే చేస్తాం కదా, కాలేజీ నుంచి స్టేషన్ ఎంత దూరం అంటే ఇరవై నిమిషాలు అంటాం, కిలోమీటర్లు ఎవడూ చెప్పడు. తేడా ఏంటంటే మన ఇరవై నిమిషాలు రేపు కూడా ఇరవై నిమిషాలే. ఆయన రెండు ఘడియలు వాన పడితే రెండు రోజులు.

వెళ్లిన దారి ఇది. తిరుపతి, కడప, అహోబిలం, శ్రీశైలం, హైదరాబాదు, నాగపురం, జబల్పూరు, ప్రయాగ, కాశీ. మ్యాప్‌లో ఈ చుక్కలు కలిపి చూస్తే గీత వంకర్లు తిరుగుతుంది. షార్టెస్ట్ పాత్ అల్గారిథమ్‌కి ఇది అస్సలు నచ్చదు. కానీ ఆయనకి కావలసింది తక్కువ దూరం కాదు. దారిలో క్షేత్రాలు చూడాలి, వందమందికి రోజూ బియ్యం దొరకాలి, మంచినీళ్లు దొరకాలి, రాత్రికి తల దాచుకునే సత్రమో తోపో ఉండాలి. మన భాషలో చెప్పాలంటే ఆయన గ్రాఫ్‌లో ఎడ్జ్ వెయిట్ కిలోమీటరు కాదు, నీళ్లు. అందుకే పుస్తకంలో ఊరు తర్వాత ఊరు రాసుకుంటూ పోయారు. ఇక్కడ అంగళ్లు ఉన్నాయా, సామాన్లు అన్నీ దొరుకుతాయా, నీళ్లు మంచివేనా, దిగడానికి జాగా ఉందా, దారి రాతిదా రేగడిదా, బండి పోతుందా పోదా. తన తర్వాత వచ్చేవాడికి పనికొస్తుందని రాశారు. గూగుల్ మ్యాప్స్‌లో రివ్యూలు చదివేవాళ్లకి ఈ పద్ధతి వెంటనే అర్థమవుతుంది. రేటింగ్ స్టార్లు మాత్రం ఉండవు.

మే నెలలో బయల్దేరడం వల్ల ఎండలో మొదలైన ప్రయాణం వానల్లో పడింది. ఈ దారికి అడ్డంగా పెన్న, కృష్ణ, గోదావరి, పెన్‌గంగ, నర్మద వస్తాయి. వాటి మీద వంతెనలు లేవు. నది నిండుగా ఉంటే పుట్టిలోనో పడవలోనో దాటాలి, పడవ లేకపోతే ఒడ్డున కూర్చోవాలి. వందమంది మనుషులు, పల్లకీలు, గుడారాలు, వంట సామాన్లు అన్నీ ఒక్కో విడతగా అవతలికి చేరాలి. హైదరాబాదు దాటాక నాగపురం దాకా చాలా చోట్ల నల్లరేగడి. వానాకాలంలో రేగడి మట్టిలో నడిచినవాళ్లని అడగండి, అడుగుకి కేజీ బురద కాలికి పట్టుకుంటుంది. ఇక భుజం మీద పల్లకీ మోస్తూ నడిచిన బోయీల సంగతి ఆలోచించండి. ఈ యాత్ర ఆయన పల్లకీలో చేశారు, వాళ్లు కాళ్ల మీద చేశారు. దూరం ఎంతో అందరికన్నా బాగా తెలిసినవాళ్లు వాళ్లే. వాళ్లు చెప్పుకున్న కాశీయాత్ర మాత్రం మన దాకా రాలేదు.

నదులతో పాటు పాలనలూ మారతాయి. చెన్నపట్నం, కడప కంపెనీవి. శ్రీశైలం కర్నూలు నవాబు ఇలాకా. అది దాటితే నిజాం రాజ్యం. పైన నాగపురం భోంస్లేలది. జబల్పూరు మళ్లీ కంపెనీది. ఒక్కో చోట ఒక్కో సుంకం, ఒక్కో పోలీసు పద్ధతి, ఒక్కో నాణెం. చెన్నపట్నం రూపాయికి హైదరాబాదులో వేరే విలువ, అక్కడి రూపాయికి ఇంకొంచెం పైకి పోతే వేరే విలువ. మారకంలో ఎంత పోతుందో ఆయన శ్రద్ధగా రాసుకున్నారు. ఇది చదివినప్పుడు నాకు ఫాస్టాగ్ మీద గౌరవం పెరిగింది. హైదరాబాదులో జనం ఆయుధాలు పట్టుకుని వీధుల్లో తిరగడం చూసి ఆయన కలవరపడ్డారు. కంపెనీ పాలనలో పుట్టి పెరిగి, కంపెనీ వాళ్ల కోర్టులో పనిచేసిన మనిషి కాబట్టి చాలా చోట్ల కంపెనీ పాలన వైపే మొగ్గుతారు. ఆ మొగ్గు మనకి ఇవాళ నచ్చకపోవచ్చు. నాకూ అక్కడక్కడా నచ్చలేదు. కానీ చూసినదాన్ని దాచుకోలేదు.

నాగపురం నుంచి జబల్పూరు వెళ్లే అడవి దారికి ఇంకో భయం ఉంది, థగ్గులు. బాటసారుల్లో బాటసారుల్లా కలిసిపోయి, నమ్మించి, గొంతుకి గుడ్డ బిగించి చంపేసేవాళ్లని చెప్పుకునేవారు. వాళ్లని పట్టుకునే పనిని స్లీమన్ అనే కంపెనీ అధికారి జబల్పూరు ప్రాంతంలో గట్టిగా మొదలుపెట్టిన రోజులు సరిగ్గా ఇవే. అంటే వీరాస్వామయ్య గారి బృందం నడిచింది ఆ దారి ఇంకా పూర్తిగా నిమ్మళించకముందే. వందమందితో ఎందుకు బయల్దేరాలి, అంత ఆర్భాటం దేనికి అని మొదట నాకనిపించింది. ఈ సంగతి తెలిశాక అనిపించలేదు. నలుగురు వెళ్తే నలుగురూ మాయమైపోయే దారి అది.

ఇంకో సంగతి. ఇదే దారిలో హైదరాబాదుకీ నాగపురానికీ మధ్య హింగన్‌ఘాట్ అనే ఊరుంది. వీరాస్వామయ్య గారి యాత్రకి ఏడేళ్ల ముందు, 1823లో, విలియం లాంబ్టన్ అక్కడే చనిపోయాడు. 1802లో చెన్నపట్నం సెయింట్ థామస్ మౌంట్ దగ్గర గొలుసుతో ఒక బేస్‌లైన్ కొలిచి, దాని మీద త్రికోణాలు కట్టుకుంటూ ఉత్తరానికి పోయిన సర్వేయర్ ఆయనే. కొండ మీద నుంచి కొండకి కోణం కొలిచి, కాలు పెట్టని చోటికి కూడా తిన్నటి దూరం లెక్క కట్టడం వాళ్ల పని. ఆ పని అందుకున్న జార్జ్ ఎవరెస్ట్ ఇంగ్లండ్ నుంచి తిరిగి ఇండియాకి వచ్చింది కూడా 1830లోనే. విమానం పుట్టడానికి ఇంకా 70 ఏళ్ల పైనే ఉంది, అప్పుడే ఆకాశ దూరం లెక్కలు తయారవుతున్నాయి. ఆ 1,390 అంకె నేను రెండు ఊళ్ల అక్షాంశ రేఖాంశాలు తీసుకుని ఆరు లైన్ల పైథాన్‌తో తెచ్చాను. ఆ ఆరు లైన్ల వెనక లాంబ్టన్ గొలుసు ఉంది. ఒకే దేశంలో, ఒకే కాలంలో, దాదాపు ఒకే దారి వెంట ఒకళ్లు పై నుంచి తిన్నగా కొలిచారు, ఇంకొకళ్లు కింద నుంచి అడుగు అడుగూ కొలిచారు.

యాత్ర పొడుగునా వీరాస్వామయ్య గారు తన స్నేహితుడు కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్లకి ఉత్తరాలు రాస్తూ వచ్చారు. కోర్టులో రోజంతా ఇంగ్లీషు రాసిన మనిషి స్నేహితుడికి మాత్రం తెలుగులో రాశారు. అది కూడా పండితుల గ్రాంథికం కాదు, మాట్లాడుకునే భాషకి దగ్గరగా ఉన్న తెలుగు. మధ్యలో కచేరీ మాటలు, హిందూస్తానీ మాటలు, ఇంగ్లీషు మాటలు దొర్లిపోతూ ఉంటాయి. నాలాగా తెలుగులో రాయాలంటే చేతులు వణికే ఇంగ్లీషు మీడియం వాళ్లకి ఇది కొంచెం ధైర్యం. వాడుక భాషలో రాయాలా వద్దా అని గిడుగు రామమూర్తి గారు పోరాటం మొదలుపెట్టడానికి దాదాపు ఎనభై ఏళ్ల ముందే ఈయన పోరాటం ఏమీ లేకుండా రాసేశారు. ఆ ఉత్తరాలు తపాలా మనుషుల భుజాల మీద చెన్నపట్నం చేరేవి. ఉత్తరం అందేసరికి రాసినాయన ఇంకెన్నో మజిలీలు దాటిపోయి ఉంటారు. చదువుతున్న స్నేహితుడికి తెలిసేది ఒక్కటే, ఈ తేదీ నాటికి మనిషి బతికే ఉన్నాడు.

కాశీ చేరాక చేయవలసిన కర్మలన్నీ చేశారు. ప్రయాగ, కాశీ, గయ మూడూ పూర్తయితేనే యాత్ర పూర్తయినట్టు. అప్పట్లో ప్రయాగ, గయ, పూరీ లాంటి చోట్ల కంపెనీ యాత్రికుల దగ్గర పన్ను వసూలు చేసేది, 1840 దాకా ఆ పద్ధతి నడిచింది. కాశీలో ఆయన ఏం చూశారు, పండాలు ఎలా ఉన్నారు అనేది పుస్తకంలోనే చదువుకోవాలి, నేను ఇక్కడ కుదించి చెప్తే పాడైపోతుంది.

తిరుగు ప్రయాణం వచ్చిన దారిన కాదు. కాశీ నుంచి గంగ మీద పడవల్లో పాట్నా వైపు దిగి, గయ చూసుకుని, మళ్లీ నీటి దారిన కలకత్తా చేరారు. నెలల తరబడి నేల మీద ఈడ్చుకుంటూ వచ్చిన బృందాన్ని ఇప్పుడు ప్రవాహమే మోసుకుపోయింది. కలకత్తా నుంచి మళ్లీ నేల. పూరీ, గంజాం, విశాఖపట్నం, రాజమండ్రి, నెల్లూరు మీదుగా తీరం వెంట చెన్నపట్నం. ఇవాళ్టి నంబర్లలో చెప్తే, వెళ్లింది చాలావరకు పాత నేషనల్ హైవే 7 దారిన, వచ్చింది నేషనల్ హైవే 16 దారిన. పాత 7 నంబరు రోడ్డు వారణాసిలో మొదలై జబల్పూరు, నాగపురం, హైదరాబాదు, కర్నూలు మీదుగా కన్యాకుమారి పోయేది. 2010లో నంబర్లు మార్చాక అందులో ఎక్కువ భాగం 44లో కలిసిపోయింది. మన సీనియర్లు బెంగళూరు ఉద్యోగాలకి రాత్రి బస్సెక్కే రోడ్డు కూడా అదే.

1831 సెప్టెంబరు 3న చెన్నపట్నం చేరారు. మే 18 రాత్రి నుంచి లెక్కేస్తే ఆ 15, 15, 15 సరిగ్గా సరిపోతుంది, నేను వేసి చూశాను. రోజుల్లో చెప్తే 473. ఇవాళ్టి రోడ్ల ప్రకారం చెన్నై, వారణాసి, కోల్‌కతా, చెన్నై చుట్టు తిరిగితే తక్కువలో తక్కువ 4,200 కిలోమీటర్లు. ఆగిన రోజులన్నీ కలుపుకుంటే సగటున రోజుకి 9 కిలోమీటర్లు వస్తుంది. మన హాస్టల్ నుంచి సినిమా హాలుకి వెళ్లొస్తే అంత అవుతుంది.

ఆయన తిరిగొచ్చిన ఏడాదికే తీరంలో వానలు ఎగ్గొట్టాయి. 1832-33లో గుంటూరు సీమని కరువు తినేసింది, డొక్కల కరువు అని ఇప్పటికీ చెప్పుకుంటారు. జిల్లా జనాభాలో పెద్ద భాగం పోయింది. ధాన్యం ఉన్న చోటి నుంచి లేని చోటికి తోలుకురావడానికి సరైన రోడ్డు లేదు, కాలువ లేదు. ఉన్నది ఎద్దుబండి. ఆ ఎద్దులకి మేత కూడా లేదు. ఏ ఊళ్లో అంగళ్లున్నాయి, ఎక్కడ నీళ్లున్నాయి, ఏ దారిలో బండి పోదు అని వీరాస్వామయ్య గారు రాసుకున్న వివరాలు యాత్రికుడి చాదస్తంలా కనిపిస్తాయి కానీ, ఆ తీరంలో మనుషులు బతకడం, చావడం వాటి మీదే ఆధారపడి ఉంది. తర్వాత ఆర్థర్ కాటన్ గోదావరి ఆనకట్ట, కాలువలు కావాలని పట్టుబట్టినప్పుడు ఆ కాలువలు పొలాలకే కాదు, పడవలకి కూడా.

వీరాస్వామయ్య గారు రిటైర్ అయిన మరుసటి ఏడాదే, 1836లో, చనిపోయారు. తన పుస్తకాన్ని అచ్చులో చూసుకోలేదు. ఉత్తరాలు అందుకున్న ఆ స్నేహితుడే, శ్రీనివాసపిళ్లే, వాటిని దగ్గర పెట్టి 1838లో అచ్చు వేయించారు. 1869లో మళ్లీ అచ్చయింది. ఆ తర్వాత చాలాకాలం దాన్ని పట్టించుకున్నవాళ్లు తక్కువ. 1941లో బెజవాడ న్యాయవాది దిగవల్లి వేంకట శివరావు గారు వివరంగా నోట్స్ రాసి కొత్త ఎడిషన్ తెచ్చారు, ఇప్పుడు మనం నెట్‌లో చదువుకునేది ఎక్కువగా అదే. మొదటి నాలుగు పేజీలు కష్టంగా ఉంటాయి, విరామ చిహ్నాలు మనకి అలవాటైనట్టు ఉండవు. ఐదో పేజీ నుంచి ఆయన గొంతు పట్టుబడుతుంది. కడప దాటేసరికి మీరే పక్కన నడుస్తూ ఉంటారు.

ఆయన పోయిన ఇరవై ఏళ్లకి, 1856 జూలై 1న, దక్షిణాదిలో మొదటి రైలు కదిలింది. రాయపురం స్టేషన్ నుంచి ఆర్కాటు వైపు, వాలాజా రోడ్డు దాకా, సుమారు 100 కిలోమీటర్లు. రాయపురం తండయారుపేటకి పక్కనే.